చేతిలో ఏదో ఉంది

ఆ రోజు మంచు కురవలేదు గానీ, అంతకుముందు కురిసింది కరక్కుండా గట్టిపడి వీధంతా పరుచుకుని ఉంది. ఒడెస్సా ప్రూయిట్ ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని, పొద్దున మిగిలిన కాఫీ వెచ్చబెట్టుకుని తాగుతోంది. చలికాలం మొదలవగానే కిటికీలకు లోపలివైపు ప్లాస్టిక్ కాగితం అంటించుకోవడం లిండెల్ వీధిలో అందరికీ అలవాటు. చలిగాలి చొరబడదు, గ్యాసు బిల్లు కాస్త తగ్గుతుంది. కానీ దాని వెనక నుంచి చూస్తే లోకమంతా నీళ్లు పోసి అలికేసినట్టు మసగ్గా కనిపిస్తుంది. ఆ మసకలోనే ఆమెకు ఎదురింటి వాకిట్లో ఒక మనిషి కనిపించాడు.

ఎదురిల్లు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. టైర్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ వీధిలో ఒక్కో కుటుంబమే ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఇప్పుడు దీపం వెలిగే ఇళ్లకంటే తలుపులకు చెక్కలు అడ్డం కొట్టిన ఇళ్లే ఎక్కువ. భర్త పోయిన తర్వాత ఒడెస్సా రోజుకోసారైనా ఆ కిటికీ దగ్గర కూర్చుంటుంది. చూడటానికి ఏమీ ఉండదు. అయినా చూస్తుంది.

అతను పొడుగ్గా ఉన్నాడు. ఆమెలాగే నల్లవాడు. ఒంటి మీద పల్చటి చొక్కా తప్ప కోటు లేదు, తలకు టోపీ లేదు. ఒక కిటికీ ముందు ఆగి చేతులు బారజాపి, తనలో తాను ఏదో అనుకుని, ఇంకో కిటికీ దగ్గరికి పోతున్నాడు. అక్కడా అంతే. కాసేపు మెట్ల మీద కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

ఒడెస్సాకు మరిది క్లైడ్ గుర్తొచ్చాడు. సైన్యం నుంచి తిరిగొచ్చాక అతనికి మతి స్థిమితం తప్పింది. ఒక జనవరిలో బనీనుతోనే బయటికి నడిచిపోయాడు. దారిలో ఎంతమంది చూశారో, ఒక్కరూ ఆపలేదు. మర్నాడు రైలుకట్ట పక్కన బిగుసుకుపోయి దొరికాడు. ఆ సంగతి తలపుకొచ్చాక ఆమె కాఫీ కప్పు పక్కన పెట్టేసింది. తనే వెళ్లి పలకరిద్దామా అనుకుంది. వాకిలి మెట్ల మీద గాజులా మంచు పేరుకుంది, మోకాళ్లు చూస్తే ఇంట్లో నడవడానికే సహకరించడం లేదు. కిటికీ తీసి కేకేద్దామంటే ప్లాస్టిక్ చుట్టూరా అంటించి ఉంది. అందుకని ఫోన్ తీసి అత్యవసర నంబరు నొక్కింది.

"మా ఎదురింటి దగ్గర ఒక పిల్లాడు తిరుగుతున్నాడమ్మా," అంది. ఆమెకు అరవై దాటని ప్రతి మగవాడూ పిల్లాడే. "ఈ చలిలో ఒంటి మీద కోటు కూడా లేదు. తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. ఒంట్లో బాగున్నట్టు లేదు. ఎవరినైనా పంపి కాస్త చూడమనండి."

"ఇంట్లోకి దూరడానికి చూస్తున్నాడా?" అవతలి గొంతు అడిగింది.

"అది ఖాళీ ఇల్లమ్మా. అందులో ఏముందని దూరతాడు?"

"అతని దగ్గర ఆయుధం ఏమైనా ఉందా?"

"ఆయుధమా? ఆ పిల్లాడి చేతిలో ఏదో ఉంది నాయనా. ఇక్కణ్ణుంచి కనపడ్డం లేదు. నేను చెప్పేది అది కాదు. చలికి పోతాడేమోనని నా భయం. ఒక దుప్పటన్నా తెమ్మనండి."

పోలీసు కారు తొందరగానే వచ్చింది. సైరన్ మోగలేదు. ఒడెస్సా ఊపిరి పీల్చుకుంది. అతన్ని లోపలికి పిలిస్తే తాగడానికి వేడివేడిగా ఏమివ్వాలా అని కూడా ఆలోచించింది. ఒక పోలీసు దిగాడు, తెల్ల కుర్రాడు. ఏదో అరిచాడు. ఆ అరుపులో ఆమెకు "చేతులు" అన్న మాట ఒక్కటే వినబడింది. గోడ వైపు తిరిగి ఉన్నతను ఏంటన్నట్టు ఇటు తిరిగాడు. అంతే, టపటపా చప్పుడైంది. ప్లాస్టిక్ కాగితం వెనక ఆ పొడుగాటి నీడ ఉన్నట్టుండి పొట్టిదైపోయింది.

ఒడెస్సా చేతిలో ఫోన్ అలాగే ఉంది. అందులోంచి ఆ అమ్మాయి, "అమ్మా, మీరు లైన్లో ఉన్నారా?" అని అడుగుతూనే ఉంది.

* * *

సాయంత్రానికి పేరు తెలిసింది. జెరోడ్ గేథర్. ఊరికి అటుపక్క ఉంటాడు, ఇళ్లకు తలుపులూ కిటికీలూ బిగించే పని. మతి బాగానే ఉంది. పని చేసి చెమట పట్టిందని కోటు విప్పి, వీధి చివర ఆపిన వ్యానులో పడేశాడు. ఆ ఇల్లు సిటీ వాళ్ల దగ్గర కొనుక్కుందామని చూస్తున్నాడు. కొత్త కిటికీలు చేయించాలి గనక కొలతలు తీసుకుంటున్నాడు. చేతిలో ఉన్నది కొలత టేపు.

టీవీలో ఆ మాట విని ఒడెస్సా లేచి టీవీ కట్టేసింది. ఎదురింటికి ఎవరైనా రావాలని ఎన్నాళ్లుగానో ఆమె కోరిక. ఆ మెట్ల మీద ఎవరైనా కూర్చోవాలని, పొద్దున్నే ఒక పలకరింపు ఉండాలని, చలికాలంలో తన మెట్ల మీద మంచు గోకిపెట్టే మనిషొకడు దొరకాలని. వచ్చాడు. తను ఫోన్ చేసింది.

విచారణకు వచ్చిన పోలీసులకు చూసింది చూసినట్టు చెప్పింది. వాళ్లు రాసుకుని వెళ్లిపోయారు. ఫోన్ చేసిన వాళ్ల పేరు బయటపెట్టబోమన్నారు. అది తనకు మంచో చెడో ఆమెకు అప్పుడు తెలియలేదు.

ఆల్డర్టన్ ఊరంతా అదే మాట. రేడియోలో పొద్దస్తమానం అదే. ఆ పోలీసు కుర్రాడు అంత తొందరగా ఎందుకు కాల్చాడని కొందరు, చెప్పగానే చేతులెత్తితే పోయేదిగా అని కొందరు. చేతులెత్తాలంటే ముందు వెనక్కి తిరగాలి కదా, తిరగడానికన్నా సమయం ఇచ్చాడా అని ఇంకొందరు. శనివారం ఊరేగింపులో కుర్రకారంతా పసుపుపచ్చ కొలత టేపులు సాగదీసి పైకెత్తి పట్టుకున్నారు. నల్లవాళ్లూ, తెల్లవాళ్లూ. హార్డ్‌వేర్ కొట్లో టేపులన్నీ అయిపోయాయని వార్తల్లో చెప్పారు. ఆ పక్క వీధిలో, పోలీసులకు మద్దతుగా నిలబడ్డవాళ్లు నీలం రిబ్బన్లు కట్టుకున్నారు.

వారానికోసారి జుట్టు సెట్ చేయించుకోవడానికి ఒడెస్సా ఫే పార్లరుకు వెళ్తుంది. ఆ వారమూ వెళ్లింది, మానేస్తే ఎందుకు మానేసిందని అడుగుతారని. ఆమెను డ్రయ్యరు కింద కూర్చోబెట్టి ఫే ఇంకో ఆవిడ జుట్టు పట్టింది. రేడియోలో ఎవరో ఫోన్ చేసి, అసలు పోలీసుల్ని పిలిచిన మనిషి ఎవరో బయటపెట్టాలంటున్నాడు.

"బయటపెట్టేదేముంది," అంది ఫే దువ్వెన ఆడిస్తూ. "కొండమీది ఇళ్లలో ఎవత్తో తెల్లావిడ అయ్యుంటుంది. నల్లోడి నీడ పడితే చాలు, ఫోన్లు తీస్తారు."

"లిండెల్ వీధిలో తెల్లవాళ్లెక్కడున్నారే?" కుర్చీలో ఆవిడ అంది.

"కార్లో పోతూ చూసుంటుంది. తలుపులు లాక్ చేసుకుని, గుండె చేత్తో పట్టుకుని మరీ చేసుంటుంది ఫోను."

అందరూ నవ్వారు. ఫే ఆ తెల్లావిడ గొంతు పెట్టి, సన్నగా, వణుక్కుంటూ మాట్లాడి చూపించింది. ఇంకా నవ్వారు.

"అవును మిస్ ఒడెస్సా, మీ ఇల్లు అక్కడే కదా?" ఫే ఇటు తిరిగి డ్రయ్యరు ఆపింది. "మీరేమన్నా చూశారా?"

"కిటికీలకి ప్లాస్టిక్ వేసుందే తల్లీ," అంది ఒడెస్సా. "దాంట్లోంచి ఏం కనపడి చస్తుంది?"

"నిజమే పాపం," అని ఫే మళ్లీ డ్రయ్యరు వేసింది. ఆ వేడిగాలి హోరులో తల దాచుకుని ఒడెస్సా ఒళ్లోకి చూస్తూ కూర్చుంది. తలెత్తితే అద్దంలో తన మొహం కనబడుతుంది.

* * *

మార్చిలో ఊరి పోలీసు ఉన్నతాధికారి విలేకరుల్ని పిలిచి ఆ ఫోన్ సంభాషణ వినిపించాడు. మొత్తం కాదు. "ఆ పిల్లాడి చేతిలో ఏదో ఉంది నాయనా," అన్నంత వరకే. "ఫోన్ చేసిన పౌరురాలే ఈ మాట చెప్పారు. మా అధికారికి అందిన సమాచారం ఇదీ," అన్నాడు. పేరు చెప్పలేదు. గొంతు మాత్రం మార్చలేదు.

మర్నాడు పొద్దున బర్నీస్ వచ్చింది. చర్చి గాయకబృందంలో వాళ్లిద్దరూ పక్కపక్కనే నిలబడి పాడటం మొదలుపెట్టి నలభయ్యేళ్లవుతోంది. ఎప్పుడూ తలుపు తట్టకుండా లోపలికొచ్చే మనిషి, ఆ రోజు గుమ్మం బయటే ఆగింది.

"మన చర్చి పెద్ద డీకన్ హారిస్‌కి మనవలు పుట్టారు, అయినా నీకు పిల్లాడే," అంది బర్నీస్. "ఆడా మగా అందర్నీ నాయనా అంటావు. ఈ ఊళ్లో అలా మాట్లాడేది నువ్వొక్కత్తివే."

"చలికి పోతాడని చేశానే బర్నీస్. కోటు లేదని చెప్పాను. అదంతా వాళ్లు వినిపించలేదు."

"నాకు తెలుసు. నువ్వెలాంటి దానివో నాకు తెలీదా."

"తెలిస్తే లోపలికి రా."

బర్నీస్ వీధి వైపు చూసింది, ఎవరైనా గమనిస్తున్నారేమోనన్నట్టు. "పొయ్యి మీద కూర పెట్టొచ్చాను. మాడిపోద్ది," అంది. మెట్లు దిగాక వెనక్కి తిరిగి, "ఒడెస్సా, కొన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడకు," అని వెళ్లిపోయింది.

మాట్లాడటానికి ఎవరూ రాలేదు. ఆదివారం చర్చిలో ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. "బాగున్నారా సిస్టర్ ప్రూయిట్" అన్నారు, దేవుడు మేలు చేస్తాడన్నారు. కానీ ఆమె కూర్చున్న బెంచీ మీద ఆమె ఒక్కతే మిగిలింది. ముందు బెంచీలో ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డట్టు ఇరుక్కున్నారు. పాస్టరు గేథర్ కుటుంబం కోసం ప్రార్థించాడు, ఊరి కోసం ప్రార్థించాడు, సాక్ష్యం చెప్పేవాళ్లకు ధైర్యమిమ్మని కూడా అన్నాడు. ఆ మాటకు నలుగురి తలలు వెనక్కి తిరగబోయి ఆగాయి. భోజనాల దగ్గర ఆమె తెచ్చిన వెన్న కేకు ఎప్పుడూ ముందు ఖాళీ అయ్యేది. ఆ రోజు దాన్ని పాస్టరు ఒక్కడే కోసుకున్నాడు. నిలబడే తిన్నాడు, మందు మింగినట్టు.

కేకు ఇంటికి తెచ్చుకుని మూడు పూటలా అదే తింది. పారెయ్యడానికి మనసొప్పలేదు.

* * *

ఏప్రిల్‌లో మేయరు బహిరంగ సభ పెట్టించాడు. హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడే హాలు నిండిపోయి జనం గోడల వెంట నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే టేపులవాళ్లు ఒకవైపు, నీలం రిబ్బన్లవాళ్లు ఇంకోవైపు చేరారు. ఒడెస్సా ఒక్కతే బస్సెక్కి వచ్చి, మధ్యలో దారి పక్క కుర్చీ చూసుకుంది. ముందు వరసలో జెరోడ్ తల్లి వర్లీన్ గేథర్ కూర్చుంది. కొడుకు ఫొటో ఉన్న గుండ్రటి బిళ్ల కోటుకు పెట్టుకుంది. ఒడెస్సాకు ఆమె వీపు మాత్రమే కనిపించింది.

మైకు ముందు వరస కట్టి ఒక్కొక్కరే మాట్లాడుతున్నారు. ఒక మందుల కొట్టాయన, తెల్లాయన, పోలీసు ఉద్యోగమంటే ప్రాణాలతో చెలగాటమన్నాడు. "ఎదుటివాడి చేతిలో ఏముందో తెలీక ఆ కుర్రాడు ఎంత హడలిపోయాడో మనకేం తెలుసు?" అన్నాడు. "ఫోన్ చేసినావిడే హడలిపోయింది. గొంతులోనే తెలుస్తోంది."

ఆయన తర్వాత ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది. "ఎవరికి భయమేస్తే మేం చావాలో ఒక పట్టిక ఇవ్వండి సార్, గోడకి తగిలించుకుంటాం," అంది. "నల్లోడు కిటికీ కొలిచినా భయమేనా? ఆ ఫోన్ చేసినావిడకి ఈ రాత్రి నిద్రెలా పడుతుందో నాకు తెలుసుకోవాలనుంది." ఇటువైపు వాళ్లు కాళ్లతో నేల దడదడలాడించారు.

ఒడెస్సా లేచి వరసలో నిలబడింది. తన వంతు వచ్చింది. మైకు ఎత్తుగా ఉంది. ఎవరో దాన్ని కిందికి వంచారు.

"నా పేరు ఒడెస్సా ప్రూయిట్. ఆ ఫోన్ చేసింది నేను."

ఎవరి చేతిలోంచో కొలత టేపొకటి జారి సర్రున చుట్టుకున్న చప్పుడు వినిపించింది.

"నేను భయపడ్డానని అటువాళ్లూ అంటున్నారు, ఇటువాళ్లూ అంటున్నారు. నేను ఆ పిల్లాణ్ణి చూసి భయపడలేదు. ఆ పిల్లాడి కోసం భయపడ్డాను. కోటు లేదని చెప్పాను. దుప్పటి తెమ్మన్నాను. చేతిలో ఏముందని అడిగితే, ఏదో ఉంది, కనపడ్డం లేదన్నాను. మీరు సగం వినిపించారు. మిగతాది కూడా వినిపించండి. నేను కోరేది అంతే."

పోలీసు ఉన్నతాధికారి మైకులోకి వంగాడు. "దర్యాప్తు నడుస్తోంది గనక ఇప్పుడే పూర్తిగా విడుదల చెయ్యడం కుదరదమ్మా."

"సగం కుదిరిందిగా నాయనా," అంది ఒడెస్సా.

అటువైపు నుంచి పోలీసు సంఘం నాయకుడు లేచాడు. గుండ్రటి మొహం, మర్యాదస్తుడు. "అమ్మా, మీరు సిగ్గుపడాల్సిందేమీ లేదు. అనుమానం వస్తే ఫోన్ చెయ్యడం పౌరుల బాధ్యత. మీరు సరైన పని చేశారు. మీలాంటివాళ్లు వీధికొకరుంటే ఈ ఊరు బాగుపడుతుంది," అన్నాడు. నీలం రిబ్బన్లవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఇన్నాళ్లుగా ఒక్కరైనా తనవైపు నిలబడాలని ఆమె ఎంత కోరుకుందో. నిలబడ్డవాళ్లు వీళ్లు.

"కొట్టకండి," అంది. "దయచేసి కొట్టకండి. నేను మీకోసం చెయ్యలేదు." ఆమె మాట చప్పట్లలో కొట్టుకుపోయింది.

ఇటువైపు వెనకనుంచి ఒక ముసలాయన పైకి లేచాడు. టైర్ల ఫ్యాక్టరీలో ఆమె భర్తతో కలిసి పనిచేసిన మనిషే. ఆయనకు మైకు అక్కర్లేదు.

"ఒడెస్సా, నీకు డెబ్బై దాటాయి. ఈ గడ్డ మీదే పుట్టి పెరిగావు. ఎవరికి ఫోన్ చేస్తున్నావో నీకు తెలీదా?"

"తెలుసు."

"తెలిసే చేశావా?"

"ఇంకెవరికి చెయ్యాలి లూథర్?" అంది. వెటకారమేమీ లేదు, నిజంగానే అడిగింది. "ఒక మనిషి చలిలో తిరుగుతుంటే, నాకు కాళ్లు ఆడకపోతే, నేను ఎవర్ని పిలవాలి? నువ్వు చెప్పు. వీధిలో నాకు పక్కిల్లు లేదు. ఆ నంబరేదో చెప్తే ఇప్పుడే రాసుకుంటాను."

లూథర్ కూర్చున్నాడు. సమయం అయిపోయిందని గంట కొట్టారు. "తర్వాతివాళ్లు," అని పిలిచారు.

ఒడెస్సా వెనక్కి నడుస్తుంటే జనం దారిచ్చారు, ఇవ్వాల్సిన దానికంటే ఎక్కువే ఇచ్చారు. ఆ పక్క వాళ్లూ ఈ పక్క వాళ్లూ కూడా. ఆమె తన కుర్చీ దగ్గర ఆగకుండా తలుపు దాటి బయటికి వచ్చేసింది. ముందు వరసలోని వర్లీన్ గేథర్ అప్పటిదాకా ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

* * *

ఇక ఆమె పేరు ఊరందరికీ తెలిసింది. విలేకరులు వచ్చి మెట్ల మీద కూర్చునేవాళ్లు. ఫోన్లో కొందరు తిట్టేవాళ్లు, కొందరు ఏడ్చేవాళ్లు, ఒకావిడ ఎక్కడో దక్షిణాది నుంచి ఫోన్ చేసి తమకూ అలాగే జరిగిందని చెప్పి పెట్టేసింది. ఒక ఉదయం లేచి చూస్తే ఎవరో ఆమె వాకిట్లో పోలీసుల వైపువాళ్లు పట్టుకునే, నీలం గీత ఉన్న చిన్న జెండా పాతి వెళ్లారు. కింద పూలు పెట్టారు. ఒడెస్సా చెప్పులు కూడా వేసుకోకుండా దిగి ఆ జెండా పీకింది. కర్ర లోతుగా దిగి ఉంది. రెండు చేతులా లాగాల్సి వచ్చింది. లాగుతుండగా పాలవ్యాను అటు పోయింది. ఆ జెండా ఆమెదే అనుకున్నాడో ఏమో, డ్రైవరు మొహం తిప్పుకున్నాడు.

ఎండాకాలంలో జ్యూరీ వాళ్లు తేల్చేశారు. ఆ పోలీసు మీద కేసు నడపడానికి ఆధారాలు చాలవన్నారు. అతను వేరే జిల్లాలో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. ఊరేగింపులు మళ్లీ జరిగాయి, కిటికీ అద్దాలు పగిలాయి. తర్వాత బళ్లు తెరిచారు, ఫుట్‌బాల్ ఆటలు మొదలయ్యాయి, రేడియోలో వేరే మాటలు వచ్చాయి. సిటీ వాళ్లు ఒక పొద్దున పెద్ద యంత్రం తెచ్చి ఎదురింటిని మధ్యాహ్నంలోపే నేలమట్టం చేశారు. ఒడెస్సా కిటికీ తీసి మొదట్నుంచి చివరిదాకా చూసింది. దుమ్ము లోపలికొచ్చి సోఫా మీద పడింది. తుడుచుకోలేదు.

చెట్లు ఎర్రబడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం, ఆ ఖాళీ స్థలం ముందు కారాగింది. ఒక ఆడమనిషి దిగి, గడ్డి మొలిచిన ఆ చోటును చూస్తూ నిలబడింది. వీపు చూసి ఒడెస్సా పోల్చుకుంది. కర్ర పట్టుకుని వరండాలోకి వచ్చింది. వర్లీన్ రోడ్డు దాటి వచ్చి మెట్ల కింద ఆగింది. దగ్గర్నుంచి చూస్తే ఆమె ఒడెస్సా అనుకున్నదానికంటే చిన్నది.

"కూర్చో అమ్మా," అంది ఒడెస్సా.

"కూర్చోడానికి రాలేదు మిసెస్ ప్రూయిట్."

"సరే."

"వాణ్ణి మొదట్నుంచీ చూశారా మీరు?"

"చూశాను."

"లాయర్లు చివర జరిగిందొక్కటే అడిగారు. అందరూ ఆ చివరి నిమిషమే అడుగుతారు. నాకు దానికి ముందుది కావాలి. ఏం చేశాడు?"

ఒడెస్సా వరండా కటకటాలు పట్టుకుంది. "కిటికీ కిటికీ దగ్గరా ఆగాడు. పెదాలు ఆడిస్తున్నాడు. మతి బాగాలేదనుకున్నాను."

"కొలత మర్చిపోకుండా పైకి అనుకుంటాడు. చిన్నప్పుడు ఎక్కాలు చదివినప్పట్నుంచీ అంతే."

"నాకెలా తెలుస్తుందమ్మా."

"మీకెలా తెలుస్తుంది," అంది వర్లీన్ కూడా. "తర్వాత?"

"మెట్ల మీద కూర్చున్నాడు. కాళ్లు చాపుకుని, వీధిని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశాడు."

"ఎలా చూశాడు?"

ఒడెస్సా ఆలోచించింది. "అప్పటికే తన ఇల్లైనట్టు."

వర్లీన్ కళ్లు మూసుకుంది. ఒడెస్సాకు ఆగిపోవాలనిపించింది. కానీ ఇంకొకటుంది. పోలీసులు అడగలేదు, లాయర్లు అడగలేదు, సభలో చెప్పడానికి సమయం లేకపోయింది. ఆమె ఎవరికీ చెప్పలేదు.

"నా కిటికీ వైపు చూశాడు. చూసి చెయ్యి ఊపాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఇరుగుపొరుగుకి ఊపరూ, అలా. నేను ప్లాస్టిక్ వెనక ఉన్నాను. ఎందుకు ఊపుతున్నాడో నాకు అర్థం కాలేదు. సాయం అడుగుతున్నాడనుకున్నాను. ఊపిన చేతిలోనే టేపు ఉంది. అప్పుడే చూశాను దాన్ని. ఆ అమ్మాయి అడిగేసరికి, చేతిలో ఏదో ఉందన్నాను."

కారు ఇంజను చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది.

"మీ మీద నా కోపం పోలేదు," అంది చివరికి వర్లీన్.

"పోవాలని నేను అడగలేదమ్మా."

"ఎప్పటికీ పోదేమో."

"సరే."

వర్లీన్ చేతిసంచిలోంచి రుమాలు తీసింది గానీ వాడలేదు, చేతిలోనే నలిపింది. "వచ్చే నెల రాష్ట్ర రాజధానిలో కొత్త చట్టం మీద వాదనలున్నాయి. ఇలాంటి ఫోన్లొస్తే తుపాకీ లేనివాళ్లని పంపాలని. ఈసారి మీ ఫోన్ మొత్తం వినిపిస్తారు. లాయరు మిమ్మల్ని పిలుద్దామన్నాడు. నేను వద్దన్నాను. ఆవిడ మొహం చూడలేనన్నాను." ఆగింది. "రండి. వచ్చి ఈ మాట చెప్పండి. వాడు చెయ్యి ఊపాడని చెప్పండి."

"వస్తాను."

వర్లీన్ తలూపి కారు దగ్గరికి నడిచింది. ఎక్కేముందు మళ్లీ ఆ ఖాళీ స్థలం వైపే చూసింది, ఇటు చూడలేదు.

* * *

రాజధానికి వెళ్లే బస్సు చర్చి ముందు ఎక్కాలి. ఒడెస్సా ఆదివారం వేసుకునే ముదురు నీలం కోటు వేసుకుని అందరికంటే ముందే వచ్చింది. డ్రైవరు చెయ్యి అందించి ఎక్కించాడు. ఆమె మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చారు. ఫే వచ్చింది, లూథర్ వచ్చాడు, ఆ కాలేజీ అమ్మాయి స్నేహితులతో వచ్చింది. ఎక్కుతూ అందరూ ఆమెను చూశారు. "మార్నింగ్ మిస్ ఒడెస్సా," అంది ఫే, నేల చూస్తూ. లూథర్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. అందరూ దాటి వెనక్కి వెళ్లారు. వర్లీన్ లాయరుతో కలిసి మొదటి వరసలో కూర్చుంది.

బస్సు నిండింది. వెనక సీట్లలో ఇద్దరు కూర్చోవాల్సిన చోట ముగ్గురు సర్దుకున్నారు. కోడి వేపుడు వాసన వచ్చింది, ఎవరో పొట్లాం విప్పినట్టున్నారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. ఒడెస్సాకు దానికి జతగా పాడే రెండో గొంతు బాగా తెలుసు, నలభయ్యేళ్లు పాడింది. పెదాలు కదిపింది గానీ గొంతు రానివ్వలేదు.

ఊరు దాటాక కోత అయిపోయిన మొక్కజొన్న పొలాలు మొదలయ్యాయి. ఆమె తన చేతిసంచి ఒళ్లోంచి తీసి, ఖాళీగా ఉన్న పక్క సీట్లో పెట్టింది. ఎవరైనా చూస్తే ఆ చోటు తనే ఆపుకుందని అనుకుంటారు. సంచి పడిపోకుండా ఒక చెయ్యి దాని మీద వేసి, అక్కడ చెప్పాల్సిన మాటలు మనసులో కూడబలుక్కుంటూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.